ముక్కు ముడవని డాక్టరు

డాక్టరు సుధీంద్ర గారు చూపుడువేలు నాలుకకు రాసుకుని నా కాగితాలు తిప్పారు. ఒక్కో కాగితానికీ ఒకసారి నాలుక బయటికి రావడం, వేలు తడవడం, కాగితం మూలన తడి మరక పడటం, అంతా కళ్ళారా చూశాను. తిప్పడం అయ్యాక అదే వేలితో నా కింది కనురెప్ప లాగి చూడబోయారు. కుర్చీతో సహా వెనక్కి జరిగాను.

"ఏమ్మా, భయమా?" అన్నారు నవ్వుతూ.

"ఎంగిలండీ" అన్నాను.

ఆయన తన వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. అందులో ఏముందో ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. తర్వాత తల పంకించి, "మందు మానేశారు కదూ" అన్నారు. "మానేసినవాళ్ళకి మొట్టమొదట మా క్లినిక్ మీదే అనుమానం వస్తుందమ్మా. అది మానేసిన లక్షణం. మళ్ళీ మొదలుపెట్టండి, పోతుంది."

ఎంత పకడ్బందీ మాటో చూడండి. ఆయన్ని నమ్మితే నాకు నయమైనట్టు, నమ్మకపోతే జబ్బు ముదిరినట్టు. ఇక నేను నోరెత్తడానికి సందేదీ? ఇన్ని నెలలుగా ఆయన ఆ వేలితోనే నా రెప్పలు లాగి చూశారు, నేను నవ్వుతూ చూపించుకున్నాను. అది గుర్తొచ్చి కొంగుతో రెప్పలు తుడుచుకున్నాను. పక్క కుర్చీలో మా వారు పేర్రాజు గారు కాలు చాపుకుని గోడమీది క్యాలెండరు చూస్తున్నారు. నేనొచ్చింది నా కళ్ళ కోసం కాదు, ఆ కాలి కోసం.

ముందు సంగతి కాస్త చెప్పాలి.

మాది కాకినాడ. నేను మొదటి నుంచీ అసహ్యం ఎక్కువైన మనిషిని. పెళ్ళి పంక్తిలో పక్కవాళ్ళు చెయ్యి విదిలిస్తే నా భోజనం అక్కడితో సరి. బస్సులో ఎవరైనా ఖాండ్రించి ఉమ్మితే మా స్టాపు రాకుండానే దిగిపోయేదాన్ని. మా వారి అక్క మాణిక్యం వదినగారు, భర్త పోయిన దగ్గర్నుంచి మాతోనే ఉంటున్నారు. "మా హైమ ముక్కు ముడిచిందంటే ఆ కూర పిల్లి కూడా ముట్టదర్రా" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవారు. నేనూ నవ్వేదాన్ని.

అయితే మా వారికి షుగరుంది. కొత్త చెప్పు కరిచి బొటనవేలి పక్కన పుండు పడింది. రోజూ కడగాలి, కట్టు మార్చాలి. మొదటిసారి కట్టు విప్పి, బాత్రూములోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. మర్నాడూ అంతే. ఆ పై రోజు నుంచి ఆయన నన్ను పిలవలేదు. బాల్కనీలో స్టూలు మీద కూర్చుని, పొట్ట అడ్డమొస్తున్నా వంగి, తన కట్టు తనే కట్టుకునేవారు. నేను చూడకూడదని నా వైపు వీపు పెట్టి కూర్చునేవారు. ఆ వీపు చూసి సిగ్గుతో చచ్చిపోయాను. కట్టుకున్న మనిషి కాలు కడగలేని నేనూ ఒక పెళ్ళాన్నేనా అనిపించింది.

మా వీధి చివర రెండో అంతస్తులో అసహ్యానికి మందిచ్చే డాక్టరు ఉన్నాడని అప్పుడే తెలిసింది. వెళ్ళాను. సుధీంద్ర గారు నా మెడకు మెత్తటి పట్టీ ఒకటి చుట్టారు. దానికో తీగ, తీగ చివర గడియారంలాంటి డబ్బా, అందులో ముల్లు. మూతబిగించిన సీసా తెచ్చి నా ముక్కు కింద తెరిచారు. అందులో కుళ్ళిన చేపనీళ్ళు. నా గొంతు బిగుసుకుంది. ముల్లు చివరిదాకా పోయి అక్కడే కొట్టుకుంది.

"అబ్బో, ఇంత గట్టి ముక్కు నేను చూళ్ళేదమ్మా!" అని మెచ్చుకున్నారు. తర్వాత లోపలి గది తలుపు తీసి చూపించారు. బల్లల మీద వరసగా చిన్న చిన్న గాజుగిన్నెలు, అన్నింట్లోనూ తెల్లగా తోడుకున్న పెరుగు.

"మన పొట్ట నుంచి మెదడుకి ఓ నరం ఉంది. 'ఛీ' అనే కబురు దాని మీదే పైకెళ్తుంది. ఈ పెరుగులో నేను పెంచిన సూక్ష్మజీవి ఉంది. అది పేగులో కాపురం పెట్టి ఆ కబుర్ని అణిచేస్తుంది. అంతకంటే ఏం లేదు. రోజూ ఓ కప్పు తినండి. ఇంట్లో దీంతోనే పాలు తోడు పెట్టుకోండి. కానీ విడిగా ఉంచాలి సుమా, వేరేవాళ్ళు తినకూడదు."

నా మొహంలో శంక చూసి, ఆయనే ముందు ఒక చెంచా తిని చూపించారు. వచ్చిన ప్రతి పేషెంటు ముందూ అలాగే తింటారట, వాళ్ళకి ధైర్యం రావాలని. ఎంత మంచి డాక్టరో అనుకున్నాను.

మందు పనిచేసింది. ఒక పొద్దున మా వారి కట్టు విప్పాను. పుండు కనిపించింది, అంతే, అది కూడా వంటింట్లో వంకాయంత మామూలుగా కనిపించింది. శుభ్రంగా కడిగాను, మందు రాశాను, కొత్త గుడ్డ కట్టాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "హైమా, నువ్వేనటే?" అన్నారు. ఆ రోజు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఆ తర్వాతే జరగరానిది జరిగింది. ఒక సాయంత్రం ఇంటి పెరుగు గిన్నెను పిల్లి దొర్లించింది. వదినగారు నా గిన్నెలోంచి ఒక చెంచా తీసి ఇంటి పాలకు తోడు వేశారు. పెరుగు పెరుగే కదా అని ఆవిడ లెక్క. అది గడ్డలా తోడుకుంది, పులుపు లేదు, మీగడ వేలెడు. ఇక చెప్పాలా? పక్క ఫ్లాటు వాళ్ళు తోడడిగారు, ఎదురు ఫ్లాటు వాళ్ళు అడిగారు, పైవాళ్ళ పనిమనిషి వాళ్ళింటికి పట్టుకెళ్ళింది. తోడడిగిన మనిషిని వట్టి చేతులతో పంపడం మా వదినగారి ఒంట్లో లేదు. నాకు ఇదంతా తెలుసు. డాక్టరు వద్దన్నది కూడా గుర్తే. కానీ తప్పనిపించలేదు. ఏదీ తప్పనిపించని రోజులవి.

పన్ను పీకించుకోవడంతో కథ తిరిగింది. దవడ వాచింది. పళ్ళ డాక్టరు యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చాడు. పెరుగు చలవ చేస్తుంది, వాపు దిగదు అని వదినగారు నా కంచంలో పెరుగు బంద్ చేశారు. మాత్రలు మింగుతూ, చారన్నం తింటూ వారం పైన పడుకున్నాను. పేగులో కాపురం పెట్టినది ఆ మాత్రలకు చచ్చిందని నాకేం తెలుసు?

ఒక పొద్దున లేచేసరికి ఇంట్లో కంపు. ఎలుకేదో చచ్చిందనుకుని మంచం కింద, బీరువా వెనక వెతికాను. వంటింట్లోకి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాను. సింకులో నీళ్ళు నిలిచి నాచు పట్టి ఉన్నాయి. గట్టు మీద జిడ్డు చారలు కట్టింది. వదినగారు స్టవ్ ముందు పులుసు కలుపుతున్నారు. గోడ మీంచి బొద్దింక ఒకటి గిన్నెలో పడింది. ఆవిడ గరిటెతో దాన్ని తీసి సింకులో వేసి, అదే గరిటెను నోట్లో పెట్టుకుని ఉప్పు చూశారు.

"వదినగారూ!" అని అరిచాను.

"ఏవిటే ఆ కేక? తీసేశాగా" అన్నారావిడ శాంతంగా.

ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఆ కంపు వెంటే నడిచాను. అది నన్ను హాల్లోకి తీసుకెళ్ళింది. మా వారు టీవీ ముందు కూర్చుని, స్టూలు మీద కాలు పెట్టుకుని, మరమరాలు తింటున్నారు. కట్టు మీద ఈగలు. ఆ కట్టు నేను కట్టిందే. పడుకోకముందు ఎప్పుడో, ఉతకని పాత గుడ్డతో కట్టాను. దాన్ని విప్పాను. ఏం చూశానో రాయను. పుండు ఇప్పుడు ఒక వేలి పక్కన లేదు. వేళ్ళన్నీ నల్లబడ్డాయి, మడమ దాకా వాపు.

బాత్రూములో వాంతి చేసుకుంటూంటే ఏడుపొచ్చింది. ముక్కున్నవాళ్ళం ముగ్గురం ఉన్నాం ఇంట్లో. మనిషి కాలు కుళ్ళిపోతుంటే ఒక్కరికీ వాసన రాలేదు.

"పెద్దాసుపత్రికి పోదాం లేవండి" అన్నాను.

"బాగానే ఉంది కదే. నొప్పి కూడా లేదు" అన్నారు మా వారు. "నీకు మందు మానేసి పాత జబ్బు తిరగబెట్టినట్టుంది."

అంతలో క్లినిక్ నుంచి ఫోను. అక్కడ కౌంటర్లో కూర్చునే అమ్మాయి. "మేడం, మీరు చూపించుకోవడానికి రావట్లేదు. పెరుగు మానేశారా? ఇల్లంతా వాసనగా ఉందా? మా మీద అనుమానంగా ఉందా? కంగారు పడకండి మేడం, ఒక్కసారి రండి." ఆ అమ్మాయి గొంతు ఎంత తియ్యగా ఉందంటే ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నాను. అయినా వెళ్ళక తప్పలేదు, ఎందుకంటే మా వారు మరో డాక్టరు దగ్గరికి ససేమిరా రానన్నారు. "సుధీంద్ర గారు బాలేదంటే అప్పుడు నువ్వు చెప్పినచోటికే వస్తా" అన్నారు. ఆ ఒక్క మాట ఆ డాక్టరు నోటి నుంచి వస్తే చాలునని, విప్పిన కట్టే మళ్ళీ చుట్టి, ఆయన్ని నడిపించుకుని వెళ్ళాను.

హాల్లో కూర్చున్నవాళ్ళందరికీ మజ్జిగ గ్లాసులు ఇస్తున్నారు. ఒకళ్ళు తాగిన గ్లాసును కడగకుండానే ఇంకొకళ్ళకి నింపుతున్నారు. కౌంటరు అమ్మాయి టీలో ఈగ పడింది. చిటికెన వేలితో తీసి పక్కన పెట్టి టీ తాగేసింది. నేలంతా జిగట, నడుస్తుంటే చెప్పులు అంటుకుంటున్నాయి. ఇంతకుముందు ఇదే నేల మీద నడిచి, ఇదే గ్లాసులో మజ్జిగ తాగి, మూతి తుడుచుకున్నాను.

అలా వెళ్ళి కూర్చున్నప్పుడే ఆ ఎంగిలి వేలు నా కంటి మీదికి వచ్చింది.

"నా సంగతి తర్వాత. ముందు ఈయన కాలు చూడండి" అన్నాను, కొంగు ముక్కు మీంచి తియ్యకుండానే.

సుధీంద్ర గారు వంగి కట్టు విప్పారు. వట్టి చేత్తో ఆ నల్లటి వేళ్ళను నొక్కి చూశారు. ఏదో చేతికి అంటితే ప్యాంటుకు తుడుచుకున్నారు. "పర్వాలేదు, మానుతుంది" అన్నారు. బల్ల మీది ప్లేటులోంచి బిస్కెట్టు తీసుకుని కొరికారు. ప్లేటు మా వారి ముందుకు జరిపితే ఆయన కూడా ఒకటి తీసుకున్నారు.

అప్పటిదాకా వీళ్ళు మోసగాళ్ళనుకున్నాను. ఏదో దాస్తున్నారు, ఎవరికో అమ్ముడుపోయారు అనుకున్నాను. ఆ బిస్కెట్టు చూశాక ఒక్కసారిగా తెలిసింది. వచ్చిన ప్రతి పేషెంటు ముందూ ఒక చెంచా. ఊళ్ళో అందరికంటే ఎక్కువ పెరుగు తిన్నది ఈయనే.

"డాక్టరు గారూ, ఆ పట్టీ మీ మెడకు చుట్టుకోండి" అన్నాను.

"నాకా?" అని సరదా పడ్డారు. వెంటనే చుట్టుకుని డబ్బా ముందు పెట్టుకున్నారు. మా వారి పాత కట్టును రెండు వేళ్ళతో ఎత్తి ఆయన చేతికిచ్చాను. అందులో పురుగు కదులుతోంది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, మల్లెపూవులా గట్టిగా పీల్చారు. ముల్లు ఉన్నచోట నుంచి కదల్లేదు.

"చూశారా! సున్నా!" అన్నారాయన. చిన్నపిల్లాడికి ఫస్టు మార్కు వచ్చినట్టు ఆ మొహం వెలిగిపోయింది. "ఇంత పూర్తిగా పనిచేస్తుందని నేనే అనుకోలేదమ్మా!"

"మా అపార్ట్‌మెంటంతా ఈ పెరుగే తింటున్నారు. వాళ్ళకేం చెప్పకుండా, అడక్కుండా. తెలుసా మీకు?"

"తెలుసుగా. అటు మార్కెట్టు దాకా వెళ్ళింది. నాకింకా మంచిదేగా, ఫలితాలు బోలెడు వస్తున్నాయి."

"మీకు ఛీ అనిపించలేదా? మీరు చేసిన పని మీదే మీకు?"

ఆయన కాసేపు నిజాయితీగా ఆలోచించారు. ఆ కళ్ళలో అబద్ధం లేదు. "లేదమ్మా. మొదట్లో ఒకట్రెండు రాత్రులు అనిపించినట్టు గుర్తు. ఇప్పుడు ఏ పని చేసినా ఏమీ అనిపించదు. చాలా హాయిగా ఉంది" అన్నారు.

కుళ్ళును చూసి ముడుచుకునే గొంతూ, తప్పును చూసి ముడుచుకునే గొంతూ ఒకటేనని నాకు అప్పుడు తెలిసింది. ఆయన రెండింటినీ కలిపి తోడు పెట్టేశారు. ఆ మనిషి మీద కోపం కూడా రాలేదు. ఆ కట్టులోని పురుగును చూస్తే కలిగినంత రోతే కలిగింది.

ఆయన చెంచాతో పెరుగు తీసి నా నోటి ముందు పెట్టారు. "ఒక్క చెంచా. ఈ బాధంతా పోతుంది."

"తినవే హైమా" అన్నారు మా వారు. "మొన్నటిదాకా ఎంత బావున్నామే! నా కాలు నువ్వు ఒళ్ళో పెట్టుకునేదానివి."

నిజం చెప్తాను, నోరు తెరవబోయాను. ఒక్క చెంచాతో ఆ కంపు పోతుంది, ఆయన నన్ను చూసే చూపు మళ్ళీ మారుతుంది. నేను మళ్ళీ మంచి పెళ్ళాన్నవుతాను. ఆ కాలు మాత్రం పోతుంది, దాంతో పాటు ఆయన. అప్పుడూ మేమిద్దరం ఇలాగే బిస్కెట్లు తింటూ ఉంటాం. చెంచాను చేత్తో తోసేశాను. పెరుగు డాక్టరు గారి చొక్కా మీద పడింది. ఆయన వేలితో తీసుకుని నాకేశారు.

ఇంటికే పోదాం అని అబద్ధం చెప్పి మా వారిని కిందికి దింపాను. రోడ్డు మీద ఆటో ఆపి ఎక్కించాను. ఆటోవాడు ఇంజిను తిప్పబోయి ఆగిపోయాడు. మెడలో తువ్వాలు ముక్కుకు చుట్టుకుని వెనక్కి తిరిగాడు.

"ఏటండి బాబూ ఈ కంపు! సచ్చిన పందికొక్కునేవన్నా ఏసుకొచ్చారేటండి? ఛీ ఛీ ఛీ!"

నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నాకు తప్ప ఇంకో మనిషికి వాసన రావడం అదే మొదలు. ఈ ఊళ్ళో నేను ఒక్కదాన్నే పిచ్చిదాన్ని కాదు.

"ఏం బాబూ, నువ్వు పెరుగు తినవా?" అని అడిగాను.

"మాయింట్లో పాలు టీకే సాలవండి, పెరుగెక్కడిదండి!"

"పెద్దాసుపత్రికి పోనియ్యి నాయనా. తొందరగా పోనియ్యి."

"ఇంటికన్నావుగా?" అన్నారు మా వారు. కానీ కోప్పడలేదు. కోప్పడటం కూడా మర్చిపోయినట్టున్నారు. మరమరాల పొట్లం జేబులోంచి తీసుకున్నారు.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ ఒకావిడ మా వారి పక్కకొచ్చి నిలబడింది. మాస్కు ఉన్నా సరే, కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి, మాస్కు పైన ముక్కు ముడతలు పడింది. ఆ ముడతలు చూశాక నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ చదువేమిటో, పేరేమిటో నేను అడగలేదు. ముక్కు ముడిచిన డాక్టరు, అది చాలు నాకు. ఆవిడ ముందు చేతులకు తొడుగులు వేసుకుంది. తర్వాత నా మీద విరుచుకుపడింది.

"ఏంటమ్మా ఇది? ఇంట్లో మనుషుల్లేరా? ఇంత దాకా వస్తే ఒక్కరికీ వాసన రాలేదా?"

"రాలేదండీ" అన్నాను. తిట్టండి, ఇంకా తిట్టండి అనిపించింది.

బొటనవేలు, పక్కన రెండు వేళ్ళు తీసేశారు. కాలు దక్కింది. ఇంకొన్నాళ్ళు ఆలస్యం చేసుంటే మోకాలి దాకా తీసేవాళ్ళమని ఆవిడ చెప్పింది.

క్లినిక్ సంగతి అందరికీ చెప్పాను. ఆరోగ్యశాఖ నుంచి ఇద్దరు తనిఖీకి వచ్చారు కూడా. ఎండన పడి వచ్చారు పాపం అని ముందుగా వాళ్ళకి చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చారట. మర్నాడు మళ్ళీ వచ్చారు, అప్పుడూ మజ్జిగే. అంతా పరిశుభ్రంగా ఉందని రాసుకుని పోయారని కౌంటరు అమ్మాయి ఫోను చేసి మరీ చెప్పింది. "మీకింకా అనుమానంగానే ఉందా మేడం?" అని అడిగింది. ఉందమ్మా, చచ్చేదాకా ఉంటుంది అని పెట్టేశాను.

ఇంట్లో పెరుగంతా తీసి సింకులో పోసేశాను. వదినగారు నా చెయ్యి పట్టుకుని అడ్డం పడ్డారు. "తోడు పారబోస్తావుటే! నా పెళ్ళినాటి నుంచి ఏనాడూ తోడు ఆరిపోనివ్వలేదే నేను!" అని గొల్లుమన్నారు. ఆసుపత్రిలో మా వారికిచ్చినట్టే ఆవిడకీ యాంటీబయాటిక్ మాత్రలు వేయించాను. ఒక పొద్దున వంటింట్లోంచి ఆవిడ గావుకేక వినిపించింది. పరిగెత్తి వెళ్తే, సింకు వైపు వేలు చూపిస్తూ, ఇంకో చేత్తో నోరు మూసుకుని నిలబడి ఉన్నారు. ఇద్దరం కొంగులు బిగించి సాయంత్రం దాకా ఆ వంటిల్లు తోముకున్నాం. ఇప్పుడు మాకున్న చిక్కల్లా ఒకటే. తోడు ఎవరింటి నుంచి తెచ్చుకోవాలి? ఈ ఊళ్ళో ఏ గిన్నెను నమ్మాలి? భోజనం చివర పెరుగు లేకుండానే చేతులు కడుక్కుని లేస్తున్నాం.

మా వారి కట్టు నేనే మారుస్తాను. పక్కన బకెట్టు పెట్టుకుంటాను. విప్పగానే ఒకసారి దాంట్లోకి వంగుతాను, మూతి కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చుంటాను. కుళ్ళు ఎక్కడుందో నా గొంతే నాకు చెప్తుంది. అక్కడ ఇంకోసారి తుడుస్తాను.

నిన్న కట్టు విప్పుతూంటే ఆయన టీవీ మీంచి చూపు తిప్పి, తన కాలు వైపు చూసుకున్నారు. వేళ్ళు ఉండాల్సిన చోటును చాలాసేపు చూశారు. మొహం చిట్లింది. "ఛీ" అని కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఇన్నాళ్ళకి. నా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

కాసేపటికి కళ్ళు తెరిచి, నన్నూ, నా పక్కన బకెట్టునూ చూశారు. నా వైపు వీపు తిప్పి కూర్చోబోయారు. భుజం పట్టుకుని ఆపాను.

"నీకు అసహ్యంగా లేదుటే?" అన్నారు మెల్లగా.

"చచ్చేంత" అన్నాను. "కాలు ఇటు పెట్టండి."